సూర్యకళ అడిగిన రెండో స్లైడు

మా కంటాసుపత్రి ల్యాబులో రిపోర్టులు టైపు చేసేది నేను. పేరు దేవీప్రసాద్, ఊరు ఎలమంచిలి. పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం వస్తాను, సాయంత్రం అదే దారిన ఇంటికి పోతాను. పదకొండేళ్లుగా ఇతరులు రాసింది టైపు చేసీ చేసీ, మనుషుల్ని వాళ్ల రాతను బట్టి అంచనా కట్టే దురలవాటు ఒకటి పట్టుకుంది. చాలామంది రాత గోడమీద పిల్లివాటం. ‘కావచ్చు’ అంటారు, ‘అనిపిస్తోంది’ అంటారు, రేపు తేడా వస్తే దూకడానికి ఒక పక్క ఖాళీ ఉంచుకుంటారు. సూర్యకళ గారి రాతలో ఆ ఖాళీ ఉండదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం, కొంచెం భయం కూడా.

ఆవిడది పెదజాలారిపేట. తల్లి పేరు ముసలమ్మ. ఆవిడ నెత్తిన గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మి కూతుర్ని చదివించింది. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి ఇక్కడ చేరిన సూర్యకళ ఇరవై ఆరేళ్లుగా మైక్రోస్కోపు ముందే కూర్చుంటోంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చేపలమ్మాల్సిన గొంతు ల్యాబులో వృథా అయిపోతోందని నేను ఏడిపిస్తుంటాను. నీ కీబోర్డు మోత కన్నా నయమేలే బావు అంటుంది.

కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే డాక్టరు అందులోంచి ఆవగింజలో సగం గీకి గాజుపలక మీద పెడతారు. అది ఏ జాతి పురుగు చేసిన పనో చెప్పడం సూర్యకళ వంతు. పొలాల్లో వరి ఆకు కంట్లో కొట్టుకున్నవాళ్లకి ఎక్కువగా వచ్చేది ఫంగస్. దాని పోగులు వలదారంలా సాగి కొమ్మలు వేసి కనబడతాయి, వాటిని పట్టడం ఆవిడకి మంచినీళ్లు తాగినంత తేలిక. వైరస్‌తోనే తంటా. మన కణంలో దూరితే తప్ప తనంతట తాను పెరగలేని ఆ అర్ధప్రాణి ఎంత చిన్నదంటే, మా మైక్రోస్కోపుకి అందనే అందదు. దాంతో స్లైడు మీద ఏమీ దొరకనప్పుడల్లా అనుమానం వైరస్ మీదికి పోతుంది. కనబడనివాడి మీద నేరం మోపడం ఎవరికైనా తేలికే.

వైరస్‌ని మించిన దొంగ ఉందా అని ఒకసారి అడిగాను. ప్రయాన్ ఉంది అంది. అదొక వంకర తిరిగిన ప్రోటీనట. పక్కనున్న మంచి ప్రోటీన్లను కూడా తనలాగే వంకర తిప్పి మెదడును తినేస్తుందట. అలాంటి జబ్బు ఉందని అనుమానం ఉన్నా ఆ మనిషి కళ్లు దానానికి తీసుకోరు. ఉడకబెట్టినా చావదు, చావడానికి అసలు బతికుంటే కదా అని తాపీగా చెప్పి క్యారేజీ విప్పుకుంది. ఆ మధ్యాహ్నం నాకు మాత్రం అన్నం సయించలేదు.

కిందటేడు మే నెలాఖరున వరహాలు వ్యవహారం జరిగింది. వరహాలు ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటుకి సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఎనిమిది మంది ప్రాణాలు అతని చూపు మీద ఆధారపడి ఉంటాయి. ఏప్రిల్ మధ్యలో మొదలైన చేపల వేట నిషేధం రోజులు కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. జూన్ మధ్యలో మళ్లీ కదులుతాయి. అతని ఎడమ కంట్లో పుండు పడింది. కన్ను పోతే బోటు ఇంకొకడి చేతికి పోతుంది.

అతన్ని చూస్తున్న డాక్టర్ హిమబిందు మా ఆసుపత్రిలో చేరి ఏడాదే అయింది. చదువు గట్టిది, చెయ్యి మంచిది. పుండు మీద గీతలు చెట్టుకొమ్మల్లా ఉండటం చూసి ఆవిడ వైరస్ అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. గీకి పంపిన మొదటి స్లైడులో ఫంగస్ గానీ, బాక్టీరియా గానీ కనబడలేదని సూర్యకళే రాసింది. వైరస్ మందు పది రోజులు వాడారు. గుణం లేదు. ఇక వాపు తగ్గడానికి స్టీరాయిడ్ చుక్కలు మొదలుపెడదామని ఆ రోజు మధ్యాహ్నం డాక్టరు కాగితం రాసింది.

ల్యాబువాళ్లు రోగులతో మాట్లాడాలని ఎక్కడా రాసి లేదు. సూర్యకళ మాత్రం మాట్లాడకుండా ఉండలేదు. టీ తాగడానికి బయటికొచ్చి, హాల్లో తువ్వాలు మొహం మీద కప్పుకుని వంగిపోయి కూర్చున్న వరహాల్ని చూసి ఆగింది. పక్కనే అతని భార్య జోగమ్మ. వారం రోజులుగా మనిషికి కంటిమీద కునుకు లేదని, తుపానులో కూడా నోరెత్తని మనిషి గోడకి తల కొట్టుకుంటున్నాడని చెప్పింది. సూర్యకళకి అక్కడే లెక్క తప్పింది. పుండు చూస్తే మెంతిగింజంత లేదు, నొప్పి ఇంతేమిటి?

కంట్లో ఏదైనా పడిందా అని అడిగింది. ఏమీ పడలేదన్నాడు. జోగమ్మ అందుకుని, నెలారంభంలో బోటుకి పాత పెయింటు గీకుతుంటే పెచ్చు పడింది కదా అని గుర్తు చేసింది.

“అదెప్పుడో పోయిందమ్మా. అప్పుడే కడిగీసుకున్నాను” అన్నాడు వరహాలు.

“ఏ నీల్లతో కడిగినావు?” అంది సూర్యకళ.

“బోటు మీద డ్రమ్ములో ఉన్నాయి కదా, ఆటితోటే.”

ఆ డ్రమ్ము నింపింది ఎప్పుడని అడిగితే నిషేధానికి ముందు, ఆఖరి వేటకి వెళ్లేటప్పుడు అన్నాడు. అంటే కడుక్కునేనాటికే ఎండలో, మూతకింద మూడు వారాలకు పైగా నిలవున్న నీళ్లు. నేనైతే ఛీ అనేవాణ్ణి. సూర్యకళ అనలేదు. వాళ్ల నాన్న కూడా బోటు మీద పనిచేసినవాడే. చుట్టూ ఉప్పునీళ్లున్నప్పుడు బియ్యం ఉడికేదీ, గొంతు తడిసేదీ ఆ డ్రమ్ముతోనే. ప్రాణం నిలబెట్టే నీళ్లు కంటికి కీడు చేస్తాయని ఏ సరంగుకీ తోచదు.

టీ అక్కడే వదిలేసి నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లింది. నేను ఫైళ్లు పట్టుకుని వెనకే వెళ్లాను, ఫైళ్లతో పని లేకపోయినా.

“మేడమ్, వరహాలుకి స్టీరాయిడ్ వెయ్యకండి. పుండుకి మించిన నొప్పి, నిలవ నీళ్లు. అది వైరస్ కాదు, అమీబా. నాకు ఇంకో శాంపిల్ కావాలి.”

మొదటి స్లైడులో ఏమీ లేదని మీరే రాశారు కదా అంది హిమబిందు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. కనబడలేదని రాశాను, పైపైన గీకింది చూసి రాశాను, అది ఈపాటికి లోతుకి దిగిపోయి ఉంటుంది అంది సూర్యకళ. వైరస్ అయితే, దాని మందుతో పాటు వేసే స్టీరాయిడ్ వాపుకి మేలు చేస్తుంది. అమీబా అయితే కాపలావాణ్ణి నిద్రపుచ్చి దొంగకి తలుపు తీసినట్టే, కన్ను దక్కదు. ఈ సంగతి డాక్టరుకీ తెలుసు. కానీ ఆ నొప్పి మీద మళ్లీ గీకడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. తీరా గీకాక ఏమీ దొరక్కపోతే?

“దొరక్కపోతే తప్పు నాదని రాసి సంతకం పెడతాను. దొరుకుతుంది.”

హిమబిందు ఒక నిమిషం కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత స్టీరాయిడ్ కాగితం పక్కన పెట్టి బ్లేడు సిద్ధం చెయ్యమని నర్సుకి చెప్పింది. పెద్ద డిగ్రీ ఉన్న మనిషి డిప్లొమా మాట వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ నిమిషం నుంచి ఆ పిల్ల మీద నాకు అభిమానం కలిగింది.

ఒప్పుకోనిది వరహాలే. ఇంక గీకించుకోలేనని లేచి నిలబడ్డాడు. సూర్యకళ బతిమాలలేదు.

“నీ కన్ను పోతే స్టీరింగు ఇంకోడి సేతికెల్తాది. ఇష్టమైతే ఎల్లిపో. నేదంటే పది నిమసాలు ఓర్సుకో. నాను సెప్తన్నాను, దొరుకుద్ది.”

అతను కూర్చున్నాడు.

రెండో స్లైడు మీద రంగుచుక్క వేసి, నీలికాంతి లైటు పెట్టి, సూర్యకళ మైక్రోస్కోపు గొట్టానికి కళ్లు ఆనించింది. ఇరవై నిమిషాలు స్లైడుని కొంచెం కొంచెం జరుపుతూ వెతికింది. నేను గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కున్నాను. ఒకవేళ దొరక్కపోతే ఆ సంతకం కాగితం టైపు చెయ్యాల్సింది నేనే. ఆఖరికి తల ఎత్తకుండానే చేత్తో పిలిచింది.

చీకట్లో నాలుగైదు నీలి ఉంగరాలు మెరుస్తున్నాయి. ఉంగరంలో ఇంకో ఉంగరం, లోపలిదానికి మూలలున్నాయి. అమీబా ఒంటరి కణం. మొక్క కాదు, జంతువు కాదు, ఫంగస్ కాదు. ఇవేవీ కానివాటిని ప్రోటిస్టులనే కుప్పలో వేస్తారట. మట్టిలో, నిలవ నీళ్లలో బాక్టీరియా తింటూ తన మానాన తాను బతుకుతుంది. గడ్డురోజులొస్తే రెండు గోడల ఇల్లు కట్టుకుని అందులో ముడుచుకుంటుంది, మంచిరోజులు రాగానే బయటికొస్తుంది. నేను చూసినవి ఆ ఇళ్లు. తొందరపాటు కన్నయితే చీముకణాలే అనుకుని దాటేసి పోతుంది.

హిమబిందు పరుగున వచ్చి చూసింది. తప్పు చెయ్యబోయానండీ అంది, మా అందరి ముందూ. సూర్యకళ ఆ మాట విననట్టే గాజుపళ్లెం తీసి, దాని మీద బాక్టీరియాని వెన్నలా పూసి, మిగిలిన శాంపిల్ మధ్యలో పెట్టింది. రెండు రోజులకి అమీబాలు ఆ మేత తింటూ పోయిన దారులు పళ్లెం నిండా పడ్డాయి. జోగమ్మ కూల్‌డ్రింకు సీసాలో పట్టుకొచ్చిన డ్రమ్ము నీళ్లలోనూ అవే పెరిగాయి.

వైద్యం చిన్నది కాలేదు. మొదట్లో పగలూ రాత్రీ గంటకో చుక్క, తర్వాత నెలల తరబడి. జూన్‌లో బోట్లు వరహాలు లేకుండానే కదిలాయి. ఆ వేళ అతను మా హాల్లోనే కూర్చుని ఉన్నాడు. చూపు తిరిగొస్తుందో లేదో మాకెవరికీ తెలియదు. అమీబా ఉందని చెప్పగలిగిన సూర్యకళ కూడా ఈ సంగతి మాత్రం చెప్పలేకపోయింది. ఎవరైనా అడిగితే విసుక్కునేది.

అక్టోబరులో చుక్కలు ఆపేశారు. నల్లగుడ్డు మీద అంచుకి ఒక తెల్లమచ్చ మిగిలింది. వరహాలు డాక్టరు గదిలోంచి తిన్నగా ల్యాబుకి వచ్చి, నా కన్ను తిన్నదాన్ని ఒకసారి చూపించమని అడిగాడు. సూర్యకళ దాన్ని పారెయ్యలేదు. కొత్త పళ్లేల్లోకి మారుస్తూ, మేత వేస్తూ బతికిస్తోంది. ఒక పళ్లెం తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి, సరిచేసి, పక్కకి జరిగింది.

వరహాలు స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే కుడి అరచేత్తో కుడి కన్ను గట్టిగా మూసుకుని, ఎడమ కన్ను గొట్టానికి ఆనించాడు.

“ఎల్తంది” అన్నాడు మెల్లగా. “సానా నెమ్మదిగా. కుడిపక్కకెల్తంది.”

సూర్యకళ అతని భుజం పట్టి పక్కకి జరిపి తను వంగి చూసింది. చూడాల్సినదాని కన్నా ఎక్కువసేపే చూసింది.

“అవును, కుడిపక్కకే” అంది. అంత పెద్ద గొంతూ బొంగురుపోయింది.