బియ్యం డబ్బా, ట్యాబు బ్యాటరీ

నా గోడు ఇంతవరకు విన్నవాళ్లు లేరు. ట్యాబు తయారుచేసిన కంపెనీకి ఫిర్యాదు మీద ఫిర్యాదు పంపాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంట్లో ఎత్తితే నవ్వుతారు. ఇక మిగిలింది మీరే. పట్టపగలు, పిలిచిన చుట్టం ముందు, ఆవకాయ వీడియో సాక్షిగా నా పరువు ఎలా పోయిందో వినండి.

మా అమ్మాయి సౌమ్య మైలవరం నుంచి విజయవాడ కాలేజీకి బస్సులో వెళ్తూ పాఠాల వీడియోలు చూసుకుంటుందని ఆ ట్యాబు కొన్నాను. పెట్టె మీద ‘రోజంతా వీడియో’ అని ఉంది. అది దారిలో ఇబ్రహీంపట్నం దాటితే ఒట్టు. ఎదురుగా అంత థర్మల్ స్టేషను! ఆ పొగగొట్టాల నీడలో కరెంటు లేక ప్రాణం విడిచే వస్తువు లోకంలో అదొక్కటే. పరీక్షలు నెత్తిమీదకొచ్చాయి, పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

కొన్న షాపుకే వెళ్లాను. యజమాని ప్రసాద్ గారు ట్యాబును తిప్పి కూడా చూడలేదు.

“మీ అమ్మాయి గేములు ఆడుతుందేమోనండీ.”

ఆ మాట ఇప్పటికీ నా గొంతులో చేపముల్లే.

“మా ఇంటికొచ్చి మీ కళ్లతో చూడండి!”

“సరేనండీ, ఆదివారం మీ ఊళ్లో మా వియ్యంకుడి గారింటికే వస్తున్నా. నా ఎదుట ఆగిపోతే కొత్తదిస్తాను. ఆగకపోతే ఈ గొడవ మళ్లీ ఎత్తకూడదు మరి.”

ఆదివారం పొద్దున్నే ట్యాబు నిండా చార్జింగు పెట్టి, ఆవకాయ కలిపే వీడియో ఒకటి మళ్లీమళ్లీ ఆడేలా పెట్టాను. కాపలాకి మా అమ్మను కూర్చోబెట్టాను. ఇక్కడే, పాఠకమహాశయా, నా తెలివి తెల్లారింది.

“అమ్మా, దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు.”

“నాకు చెప్పాలట్రా? అయినా ఈవిడేంటి, ఆవాలపిండి ఇంత తక్కువేస్తుంది!”

బజారుకెళ్లి కోడి కొని, ప్రసాద్ గారిని వెంటబెట్టుకుని వచ్చాను. చచ్చి పడుంటుందనుకున్న ట్యాబు పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. బ్యాటరీ దాదాపు నిండుగా ఉంది!

“భేషుగ్గా ఆడుతోంది కదండీ,” అన్నారాయన, మీసం చాటున నవ్వుతూ.

 అమ్మ అందుకుంది.

“ఆడదూ మరి! ఎర్రగీత పడ్డప్పుడల్లా నేను తీగ తగిలిస్తూనే ఉన్నా. బియ్యం డబ్బా ఏనాడూ అడుగంటనివ్వని ఇల్లు నాయనా ఇది. చుట్టం వచ్చే వేళకి వస్తువు ఖాళీగా ఉంచుతానా?”

పాలకి పిల్లిని కాపలా పెడితే తాగేస్తుందంటారు. నేను పెట్టిన పిల్లి గిన్నె నింపింది!

ప్రసాద్ గారు పడీపడీ నవ్వారు. కోడికూర ఉడికాక, ట్యాబు వెనకున్న తీగ పీకి, దాన్ని విస్తరి ఎదుట నిలబెట్టుకుని భోజనానికి కూర్చున్నారు. అమ్మ కొసరి కొసరి వడ్డించింది. ఆయన పెరుగన్నం కలిపేలోగా ఆవకాయ మాయమైంది, తెర నల్లబడింది.

“నిజమేనండోయ్! రేపు పట్టుకురండి, కొత్తదిస్తా.”

గుండెల మీంచి బండ దిగింది. మర్నాడు షాపులో ట్యాబు ఆన్ చేశారు. వందకి వంద! నేను తలెత్తలేకపోయాను. అక్కణ్నుంచే ఇంటికి ఫోన్ చేశాను.

“ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగిస్తామట్రా?” అంది అమ్మ.

ఆయన ముందురోజు మా ఇంట్లో తిన్న మనిషి కనక నవ్వుకుంటూ కొత్తది ఇచ్చారు. సౌమ్య ఇప్పుడు పొగగొట్టాలు దాటాక కూడా చదువుకుంటోంది.

ఇకమీదట ఏ వస్తువునైనా ఖాళీ చేసే పరీక్షకి మా అమ్మను కాపలా పెట్టనని ఆ బియ్యం డబ్బా మీదే ప్రమాణం చేశాను. కానీ నా ఫిర్యాదు అలాగే ఉంది. పెట్టె మీద ‘అమ్మలకు అందకుండా ఉంచవలెను’ అని ఎందుకు అచ్చువేయలేదు? కంపెనీవారూ, ఇప్పటికైనా జవాబు చెప్పండి!