ఆరు క్రెడిట్ల మేనమామ

మా స్వప్నక్క పెళ్ళిలో ముహూర్తం ముంచుకొస్తున్న వేళ పెళ్ళికొడుకు మండపంలో కూర్చుని ఉన్నాడు. పెళ్ళికూతురు గంపలో కూర్చుని ఉంది. ఆ గంప ఎత్తుకుని రావాల్సిన మేనమామ మాత్రం సూర్యాపేట బస్టాండ్‌లో, కోదాడ బస్సులో, కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఆ బస్సెక్కించిన మహానుభావుణ్ణి నేనే. చేత్తో తోసి కాదు, నాలుగున్నర క్రెడిట్ల తేడాతో. క్రెడిట్లంటే ఏమిటని అడగబోతున్నారు కదా? అడగండి, తప్పు లేదు. ఆ రోజు పురోహితుడు కూడా అడిగాడు.

పూణేలో ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో నాకు మరాఠీ అంటలేదు గానీ, ఫోన్లో క్రికెట్ జట్లు కట్టే పిచ్చి అంటుకుంది. తెలియనివారి కోసం చెబుతాను. ఎక్కడో రెండు జట్లు మ్యాచ్ ఆడతాయి. వాళ్ళలోంచి పదకొండు మందిని ఏరుకుని మనం ఇంట్లో కూర్చుని సొంత జట్టు కడతాం. ఒక్కో ఆటగాడికీ ఒక ధర, అదే క్రెడిట్. బాగా ఆడేవాడు ఖరీదు, అంతంతమాత్రం వాడు చవక. మన దగ్గర ఉండేవి వంద క్రెడిట్లే కాబట్టి అందరూ వీరులే కావాలంటే కుదరదు. ఒకణ్ణి కెప్టెన్‌గా పెట్టుకుంటే వాడి పాయింట్లు రెట్టింపు. ఎవరి జట్టుకు ఎక్కువ పాయింట్లొస్తే పందెం డబ్బు వాళ్ళది. నేను ఇందులో ఎంత ఘనుణ్ణంటే, నేను కెప్టెన్‌గా పెట్టుకున్నవాడు ఆ రోజు మొదటి బంతికే ఇంటికి పోయేవాడు. నా రూమ్మేట్లు ముందు నా జట్టు చూసి, అందులో లేనివాళ్ళతో తమ జట్టు కట్టుకునేవారు. గెలిచి, పాపం, నాకు చాయ్ తాగించేవారు.

ఉద్యోగం మానేసి మిర్యాలగూడ వచ్చి యాప్ తెరిస్తే, మీ రాష్ట్రంలో డబ్బు పందేలకు అనుమతి లేదంది. సర్కారు ఎప్పుడో బంద్ చేసిందట. బుద్ధిమంతుడైతే అంతటితో ఊరుకునేవాడు. నాకు మాత్రం చేతుల దురద తగ్గలేదు. సరిగ్గా అప్పుడే అక్కకు పెళ్ళి కుదిరింది.

పెళ్ళిపత్రికలు పంచడానికి నేనూ, మా పెదనాయన కొడుకు సాయిగాడూ బైకు మీద తిరుగుతున్నాం. వాడు వేములపల్లి దాటాక వెనక నుంచి అన్నాడు:

"అన్నా, మా నాయన ఈసారి ఏం కారణం పెట్టి అలుగుతడంటవ్?"

"కారణం దొరకదా ఏంది? పత్రికల పేరు కిందికి పడ్డదంటడు."

"మస్తు ఫామ్‌ల ఉన్నడన్నా. మొన్న సల్ల పల్చగున్నదని రెండు దినాలు మాట్లాడలే."

ఫామ్! ఆ మాట చెవిన పడగానే బైకు దానంతటదే రోడ్డు పక్కకు పోయి ఆగింది. మ్యాచ్‌లు లేకపోతేనేం, చుట్టాలు లేరా? క్రికెట్లో పరుగులు తీస్తారు, పెళ్ళిలో అలుగుతారు. మిగతాదంతా ఒకటే కదా!

సాయంత్రానికల్లా "పెళ్ళి పదకొండు" అని వాట్సాప్ గ్రూపు తయారైంది. మనిషికి వంద రూపాయల పందెం. చుట్టం అలిగితే ఇరవై పాయింట్లు. "నేనెవణ్ణి చెప్పనీకి" అంటే ఐదు, ఎన్నిసార్లంటే అన్ని ఐదులు. అన్నం మానేస్తే నలభై. చెప్పులేసుకుని గేటు దాకా పోతే యాభై. ఏకంగా బస్సెక్కితే వంద. ఈ ఆఖరిది ఉత్తుత్తినే రాశాం. మా వంశంలో ఎంత అలిగినవాడైనా భోజనాలు కాకముందు బస్సెక్కిన దాఖలా లేదు. వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకోవడంతో పందెం సమాప్తం. జట్లన్నీ సాయిగాడి ఫోనుకే పంపాలి, అప్పటిదాకా ఎవరి జట్టు ఎవరికీ చూపించకూడదు.

ధరలు కట్టే పెద్దరికం నాకిచ్చారు. వేములపల్లి పెదనాయన తన పెళ్ళిలో తానే అలిగినవాడు కాబట్టి ఆయనకు పదిన్నర, అందరికన్నా ఎక్కువ. మఠంపల్లి చిన్నమ్మను నలుగురు చుట్టూ చేరి పలకరిస్తున్నా "నన్నెవ్వరూ పలకరియ్యలే" అని కళ్ళొత్తుకోగలదు, ఆమెకు తొమ్మిది. ఇలా వస్తూ వస్తూ అమ్మ తమ్ముడు కోదాడ మామయ్య దగ్గర ఆగాను. ఆయనకు కోదాడలో మోటార్లు రిపేరు చేసే షాపుంది. ఏ పెళ్ళికైనా ముందురోజే దిగి జనరేటరూ నీళ్ళ డబ్బాలూ కుర్చీలూ చూసుకుంటాడు. అందరూ తిన్నాక, మిగిలింది తింటాడు. అలగడం ఆయన జాతకంలోనే లేదు. అందుకని ఆరు పెట్టాను. జాబితాలో అదే అడుగు ధర. నా దృష్టిలో అది మెచ్చుకోలు. ఇంతకన్నా మంచి మనిషి లేడని దానర్థం. కానీ ఆ అర్థం జాబితాలో ఎక్కడా రాసిలేదు.

అన్నదమ్ముల పిల్లలం, అక్కచెల్లెళ్ళ పిల్లలం అందరం చేరాం. పెద్దవాళ్ళకు తెలియకూడదనుకుంటే కోదాడ అత్తమ్మ, అంటే మామయ్య భార్య, ఎలాగో పసిగట్టి వంద నోటు నా చేతిలో పెట్టింది.

"నేనూ ఆడతానల్లుడూ. క్రెడిట్లు, కెప్టెన్, అంతా అర్థమయ్యింది."

"అత్తమ్మా, నీకెందుకీ పరేషాన్? పైసల్ పోతయ్."

"పోతే పోనీలే. పిల్లలతో సరదా."

మేమంతా ఆమెను చూసి ముసిముసిగా నవ్వుకున్నాం. ఆ నవ్వులు ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటాయి.

పెళ్ళి రోజు పొద్దున్నే సూర్యాపేట హైవే పక్కన ఫంక్షన్ హాల్లో నా గుండె జారిపోయింది. నా కెప్టెన్ పెదనాయన గుమ్మంలోనే చిరునవ్వుతో కనిపించాడు. నా జాతకం పూణే నుంచి నాతోపాటే బస్సెక్కి వచ్చిందన్నమాట! కెప్టెన్ ఆడకపోతే ఆడించాలి కదా. చల్లారిన చాయ్ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన గటగటా తాగేశాడు.

"మంచి పని చేసినవ్ కొడుకా. వేడిది తాగితే నాలిక కాలుతది."

ముందు వరుసలోంచి లేపి, స్తంభం చాటున, పెద్ద కూలర్ ఎదురుగా కూర్చోబెట్టాను. అక్కణ్ణుంచి మండపం కాదు గదా, మండపం మీది పూలు కూడా కనపడవు.

"పెదనాయనా, ఈడ నీకేం కనపడదు, జర ఫీలవ్వకు," అని ఆశగా గుర్తుచేశాను.

"కనపడకపోతేంది, సల్లగుంది! పెండ్లి ఎట్లయినా వీడియోల వస్తది," అని కాళ్ళు జాపుకున్నాడు.

అటువైపు మఠంపల్లి చిన్నమ్మ సాయిగాడి కెప్టెనట. వాడు ఆమె దగ్గరకు ఎవర్నీ పోనివ్వకుండా కాపలా కాస్తున్నాడు. ఇంకో తమ్ముడు వాడి కెప్టెన్ చెప్పులు దాచి, ఆయన చెప్పులేసుకుని గేటు దాకా పోతేనే పాయింట్లని గుర్తొచ్చి, పరుగున పోయి మళ్ళీ తెచ్చిపెట్టాడు. మర్యాదలు చేయాల్సిన పెళ్ళికూతురి తమ్ముళ్ళం ఇలా చుట్టాల మీద పడ్డాం. అంతలో లోపల్నుంచి అమ్మ గొంతు వినపడింది.

"మా తమ్ముడేడిరా? గంప ఎత్తాలె, పంతులు పిలుస్తున్నడు!"

హాలంతా వెతికాం. జనరేటర్ దగ్గర లేడు, నీళ్ళ డబ్బాల దగ్గర లేడు. ఫోన్ చేస్తే ఎత్తాడు.

"మామయ్యా, ఏడున్నవ్? అక్క గంపల కూసున్నది!"

అవతల బస్సు హారన్. తర్వాత మామయ్య గొంతు, ఎంతో నెమ్మదిగా:

"ఆరు క్రెడిట్లోడు గంప మోయలేడల్లుడూ. పదిన్నరాయన్ని మోయమను."

ఫోన్ పెట్టేశాడు. మా ఇంట్లో మేనమామ ఎత్తకుండా పెళ్ళికూతురు మండపానికి రాదు. అమ్మకున్నది ఒక్కడే తమ్ముడు. అమ్మ మొహం చూసే ధైర్యం లేక బైకెక్కి బస్టాండ్‌కు దూసుకెళ్ళాను.

కోదాడ బస్సు ఇంజన్ ఆన్‌లో ఉంది. మామయ్య పట్టు పంచె మీదే, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కండక్టర్.

"ఈయన దిగుతడా? టికెట్ కొట్టాల్నా? జల్ది చెప్పుర్రి."

"దిగుతడన్నా, ఒక్క నిమిషం. మామయ్యా, దండం పెడత. గది ఉత్త ఆట."

"ఆటే. కాదన్నానా? నిన్నొకటి అడుగుతా, చెప్పు. నీ పదకొండు మందిలో నన్ను తీసుకున్నావా?"

నేను కండక్టర్ వైపు చూశాను.

"తీసుకోలేదు కదా. మీ పెదనాయన అలుగుతాడని ముందు కుర్చీ వేస్తారు. చిన్నమ్మ ఏడుస్తదని పెట్టే చీర రెండుసార్లు మారుస్తారు. నేనేమీ అనను కాబట్టి జనరేటర్ చూసుకోమంటారు. నేను పుట్టింది జనరేటర్ చూసుకోడానికా అల్లుడూ?"

ఆ మాటకు నాకు నిజంగా సిగ్గేసింది. చిన్నప్పటినుంచి ఈయన భుజాలమీద తిరిగాను. ఏ పెళ్ళిలోనూ ఈయన తిన్నాడా లేదా అని ఒక్కసారి అడగలేదు. నాకు చేతనైన ఒక్క పనీ చేశాను.

"ఏడు చేస్త మామయ్యా."

మామయ్య కిటికీ వైపు తిరిగాడు.

"ఎనిమిదిన్నర!"

వెనక సీటు రైతు, మార్కెట్లో వడ్లమ్ముకుని వస్తున్నాడేమో, ముందుకు వంగాడు. "గదేం బేరం తమ్మీ? పెద్దమనిషి. ఇంకింత పెంచు."

"పది!"

"మీ పెదనాయనకెంత?" అన్నాడు మామయ్య బయటికే చూస్తూ.

"పదిన్నర."

"పదకొండియ్యి, ఖతం చెయ్యి!" అన్నాడు రైతు. దేనికి పదకొండో ఆయనకు తెలియదు. బస్సంతా "ఇయ్యి, ఇయ్యి" అంది. కండక్టర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"పదకొండు, మామయ్యా! అందరికన్నా నువ్వే ఎక్కువ!"

మామయ్య డబ్బా చంకన పెట్టుకుని లేచాడు. మెట్టు మీద మళ్ళీ ఆగాడు. "ఇక్కడ చెబితే సరిపోదు. మైకులో చెప్పాలి."

చెప్పాను. ఏం చేయను? సన్నాయి ఆపించి, మైకు పట్టుకుని, ఐదొందల మంది ముందు గొంతు సవరించుకున్నాను. "అందరికీ నమస్కారం. మా కోదాడ మామయ్య గారి విలువ ఆరు క్రెడిట్ల నుంచి పదకొండు క్రెడిట్లకు పెంచడమైనది." ఇదేదో కొత్త మర్యాద అనుకుని పెళ్ళికొడుకు తరఫువాళ్ళు చప్పట్లు కొట్టారు. "క్రెడిట్లంటే ఏమిటి నాయనా, దక్షిణా?" అన్నాడు పురోహితుడు. మామయ్య గంపను ఒక్క ఊపున ఎత్తాడు. అక్క గంపలోంచి నావైపు చూసిన చూపుంది చూశారూ, దాన్ని నేను జన్మలో మరచిపోను. జీలకర్ర బెల్లం ముహూర్తానికే పడింది. అమ్మ ఏడ్చింది. అది సంతోషమని నేను తీర్మానించుకున్నాను.

భోజనాల దగ్గర పెదనాయన నన్ను పిలిచాడు.

"మైకుల ఏందో పదకొండన్నవ్. మరి నాకెంత?"

"పదిన్నర, పెదనాయనా."

ఆయన విస్తరి ముందుకు తోసి లేచాడు. "అర తక్కువనా? నేనెవణ్ణి చెప్పనీకి!" అన్నం మానేశాడు, చెప్పులేసుకున్నాడు, గేటు దాకా పోయాడు. పందెం ముగిసిపోయాక నా కెప్టెన్ సెంచరీ కొట్టాడు!

తర్వాత సాయిగాడు ఫోన్ తీసి ఫలితాలు చదివాడు. బస్సెక్కినందుకు మామయ్యకు వంద. ఆయన్ను కెప్టెన్‌గా పెట్టుకున్నవాళ్ళకు రెండొందలు. మా అందరి పాయింట్లూ కలిపినా అన్ని లేవు. పెట్టుకున్నది మొత్తం పెళ్ళిలో ఒక్కరే.

కోదాడ అత్తమ్మ పందెం నోట్లు మడిచి పర్సులో పెట్టుకుంటోంది.

"అత్తమ్మా, మామయ్య అలుగుతడని నీకెట్ల తెలుసు? ఎన్నడన్న అలిగిండా?"

"ఇంట్లో రోజూ అలుగుతాడల్లుడూ. బయట అలిగే అవకాశం మీరెవరూ ఇవ్వలేదంతే."

నాకప్పుడు వెలిగింది. "మరి ఆ ధరల జాబితా మామయ్యకు చూపెట్టిందెవరు?"

అత్తమ్మ పర్సు జిప్పు లాగి, నావైపు ఎంతో ప్రేమగా చూసింది.

"చూపించకూడదని మీ రూల్స్‌లో లేదుగా నాయనా?"

అందుకని ఆ రోజే, ఆ మండపం ముందే, చేతిలో మిగిలిన అక్షింతల సాక్షిగా, గొప్ప ఒట్టు పెట్టుకున్నాను. నా కంఠంలో ప్రాణముండగా మళ్ళీ మనుషులకు ధర కట్టను. కట్టినా పైసలు పెట్టను. పెట్టినా పెదనాయనను కెప్టెన్ చేయను. చివరిది అన్నిటికన్నా గట్టి ఒట్టు: మామయ్య తినకుండా నేను తినను. అంతా విన్న అత్తమ్మ పర్సు జిప్పు మళ్ళీ తెరిచింది.

"ఈ ఒట్టు మీద వంద పెడతావా అల్లుడూ?"

నా చెయ్యి జేబులోకి పోయింది. పోయిన చెయ్యిని మామయ్య పట్టుకుని, నేరుగా భోజనాల బల్ల దగ్గరికి తీసుకుపోయి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.