నర్సింలు అనని మాట

జెడ్డాలో ఏసీలు బాగుచేసే నర్సింలుకు శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ మధ్యాహ్నం షరఫియా హోటల్లో ఏజెంట్ల సంఘం దావత్ ఇస్తోందంటే వెళ్లాడు. మనుషుల్ని గల్ఫ్‌కు పంపే ఏజెంట్లు అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లు కారు. ఇప్పుడంతా ఒక్కటయ్యారు. ఒక పని చెప్పి ఇంకో పనిలో పడేస్తే ఆ మనిషిని వాపసు తెచ్చే బాధ్యత ఏజెంటుదేనంటూ తెలంగాణ సర్కారు కొత్త చట్టం తేవాలని చూస్తోంది. అది వీళ్లకు మింగుడుపడలేదు.

బిర్యానీ తింటున్నవాళ్ల దగ్గరికి సంఘం కార్యదర్శి రమేష్ ఫోనులో వీడియో తీస్తూ వచ్చాడు.

"అన్నా, చట్టం గురించి నీ మనసుల ఉన్నది చెప్పు. సర్కారుకు పంపుతం."

నర్సింలు అక్క దేవవ్వ భర్తను ఏజెంట్లే డ్రైవర్ పనని పంపి, తాయిఫ్ అవతల గొర్రెలు కాయించారు. పనిలో పెట్టుకున్న కఫీల్ పాస్‌పోర్టు దాచేశాడు. ఇంటికి చేరేసరికి బావ ఎవరితోనూ మాట్లాడని మనిషయ్యాడు. నర్సింలు అదంతా చెప్పి గొంతు పెంచాడు.

"'ఈ చట్టం వద్దు, వస్తే గల్ఫ్ పోవుడు బందైతది' అని మీరంటున్రు. ఆ మాట మా బావ మొకం చూసి అనుండ్రి!"

కొన్నాళ్లకు దేవవ్వ ఫోన్ చేసింది.

"థూ! మీ బావను గొర్లల్ల పడేసినోళ్లకే వంత పాడుతవారా? నీ వీడియో చూసి ఆయన అన్నం ముందటికెల్లి లేసిపోయిండు."

నర్సింలు వీడియో తెరిచాడు. తన మొహమే, తన గొంతే. "ఈ చట్టం వద్దు, వస్తే గల్ఫ్ పోవుడు బందైతది." అంతే. ముందూ వెనకా కోసేశారు. ఒళ్లంతా మండిపోయింది.

మరుసటి శుక్రవారం అదే హోటల్లో మళ్లీ దావత్. నర్సింలు నేరుగా వెళ్లి రమేష్‌ను నిలదీశాడు.

"పొడుగు వీడియో ఎవ్వలు చూడరన్నా. జర చిన్నగ చేసిన."

"చిన్నగ చేసినవా? నా నాలిక కోసినవు!"

రమేష్ నవ్వు మాయమైంది. "రేపు నీ కొడుకు రావాలన్నా మా కాడికే రావాలె. సోంచాయించుకో."

"వాడు ఊళ్లె మట్టి మోసి బతుకుతడు. మీ గడప తొక్కడు!"

తింటున్న చేతులు ఆగిపోయాయి. సెంట్రింగ్ పని చేసే భూమేష్ లేచి నిలబడ్డాడు. "నా మాట గూడ కోసిన్రా?" రమేష్ ఫోను జేబులో వేసుకున్నాడు. భూమేష్ పళ్లెం పక్కకు నెట్టి బయటికి నడిచాడు. వెంట కొందరే వెళ్లారు. మిగిలినవాళ్లు తలలు వంచుకుని తిన్నారు. నర్సింలుకు రమేష్ కన్నా వాళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది.

వీధిలో భూమేష్ ఫోను పట్టుకుంటే, నర్సింలు మొదటినుంచీ అంతా మళ్లీ చెప్పి అక్కకు పంపాడు.

"ఆయన చూసిండు తమ్మీ," అంది దేవవ్వ. "ఇంకోపారి పెట్టుమన్నడు."

ఆ వీడియో ఊరు దాటలేదు. కోసిన వీడియోను మాత్రం ఊరూరా చూశారు. చట్టం మాట వాయిదా పడింది. ఏజెంట్లు ఈసారి అల్ ఖోబర్‌లో దావత్ పెడుతున్నారని విని, నర్సింలు అక్కడ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. పలకరింపు కూడా లేకుండా ఒకటే అరుపు.

"తినుండ్రి, కడుపు నిండా తినుండ్రి! వాళ్ల ఫోను ముందట మాత్రం నోరు తెరవకుండ్రి!"