తెగిన తీగమీద వచ్చిన మాట

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మే తీరిక కూడా లేదు. కూలీలను పెట్టే గదుల వరసల్లో, ఆ లైన్లలో ఉన్నప్పుడు, ఉరేసుకున్నవాళ్ళు చెట్ల కింద నిలబడి కనిపిస్తారనీ, చెరకులో ఎవరో ఏడుస్తారనీ ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. బతికున్న సర్దారు చాలడా మనకి, చచ్చినవాళ్ళు కూడా కావాలా అని కసిరేదాన్ని. ఇప్పటికీ నా మాట అదే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మా వాడలో భజనలు పాడించే పెద్దాయన దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నా యాసను దిద్ది రాస్తానంటే సరేనన్నాను. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం దిద్దొద్దన్నాను.

మాది విజయనగరం వైపు. అమ్మ పోయాక నేనూ, నా చెల్లెలు నూకాలూ మిగిలాం. సంతలో ఒకడు తీయగా మాట్లాడి, దగ్గరే పని ఉందని చెప్పి మమ్మల్ని ఓడెక్కించాడు. ఫిజీలో నుకులావు దీవి డిపోలో దిగాక నన్ను లౌటోకా రేవుకు దగ్గర ద్రాసా వైపు చెరకు తోటకీ, దాన్ని సావుసావు దగ్గర కొబ్బరి తోటకీ రాశారు. అదెక్కడో, ఇదెక్కడో. మధ్యలో సముద్రం. గిరిమిట్ అనే కూలి ఒప్పందం గడువు తీరేదాకా కదలడానికి లేదు.

మా అమ్మ ఒక విషయంలో మహా గట్టిది. గడప దాటేటప్పుడు ‘పోతాను’ అనకూడదు, ‘వస్తాను’ అనాలి. నూకాలు చిన్నప్పుడు నోరు జారితే ఆ నోటిమీదే ఒకటి పడేది. డిపోలో పడవ దాన్ని తీసుకుపోతుంటే, అంత ఏడుపులోనూ ఆ అలవాటు తప్పలేదు దానికి. పడవలోంచి అరిచింది: “అప్పా, నానొస్తానప్పా!”

మావైపు అక్కను అప్ప అంటాం. నేను అనడానికి నాను అంటాం. ఆ చివరి ‘ప్పా’ను అది ఎప్పుడూ సాగదీసేది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే అరిగిపోతుందేమోనని దాచుకున్నాను. అది ఎలా ఉందో, తింటోందో లేదో, అసలు ఉందో లేదో తెలుసుకోవడం ఒక్కటే నాకు ఈ దేశంలో ఉన్న ఆశ.

కొన్నాళ్ళకు నన్ను పొలం పని మాన్పించి దొర బంగళాలో వంటకు పెట్టారు. అక్కడ గోడకు టెలిఫోను ఉండేది. చెక్కపెట్టె, పైన రెండు గంటలు, పక్కన తిప్పే పిడి, చెవికి పెట్టుకునే గొట్టం. చుట్టుపక్కల బంగళాలన్నిటికీ ఒకటే తీగ. రెండు పొడుగ్గా, ఒకటి పొట్టిగా మోగితే మాకు అని గుర్తు. దొర లేనప్పుడు ఎత్తి “సాహెబ్ నహీ” అని పెట్టేయడమే నా పని. నాకు దాన్ని చూస్తే భయమూ లేదు, ముచ్చటా లేదు. దుమ్ము తుడిచేదాన్ని, అంతే.

ఒకరోజు మధ్యాహ్నం మోగితే ఎత్తాను. తెలుగు! గొట్టం చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

“పోలమ్మేనా? లౌటోకా రేవు నుంచి మాట్లాడతా ఉండాను తల్లీ. మీ చెల్లెలు సావుసావు పడవలో వచ్చి ఉండాది. కాగితం లేదని పట్టి పెట్టినారు. అక్కా, అక్కా అని ఒకటే ఏడుపు. వెండి ఏమన్నా ఉంటే తీసుకోని రా, నేను విడిపిస్తా.”

అమ్మ కడియాలు నా పెట్టె అడుగున ఉన్నాయి. అవి తీసుకుని అప్పుడే పరుగెత్తేదాన్నే. చెయ్యి పెట్టెమీద వేశాక ‘అక్కా’ అన్న మాట చెవిలో గుచ్చుకుంది. వెనక్కి వచ్చి గొట్టం మళ్ళీ చెవిన పెట్టాను. వాడు ఇంకా ఉన్నాడు.

“నన్నేటని పిలస్తంది అది?” అన్నాను.

“అక్కా అనే కదమ్మా, ఇంకేమంటాది!”

“ఓరి నీ జిమ్మడిపోనూ!” అని మొదలుపెట్టి, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. తోటపని చేసే రామదీను బయటి నుంచి పరుగెత్తుకొచ్చాడు, ఎవరైనా పామును కొడుతున్నారేమోనని.

ఆ వెధవ అంతటితో ఊరుకోలేదు. దొర పొలం మీదికి పోయే వేళ వాడికి బాగా తెలుసు. ఒకసారి నూకాలుకు జ్వరమన్నాడు. ఇంకోసారి హిందీలో పోలీసునన్నాడు. ఒకసారి ఎవరో ఆడదాని చేత అక్కా అక్కా అని ఏడిపించాడు. దుకాణాల దగ్గర కూర్చుని, ఎవరి మనిషి ఎవరికి దూరమైందో మాటల్లో లాగి, ఈ పని చేసేవాడని తరవాత తెలిసింది. పక్క బంగళా వంటమనిషి రాని తమ్ముడి కోసం మొలతాడు, వెండి మురుగులు ఇచ్చేసి వచ్చాడు. పెద్దమనిషి, కుమిలిపోయాడు పాపం.

దొరకు చెబితే, గొట్టం పెట్టేయమని చెప్పి నవ్వాడు. పెట్టేయడం సులువే. పెట్టేశాక ఆ పగలంతా ఒకటే ఆలోచన. పదిసార్లు అబద్ధమైనా పదకొండోసారి నిజమైతే? గంటల మధ్య గుడ్డ కుక్కి చూశాను, దొర చీవాట్లు పెట్టాడు. ఇక విసిగి, మోగితే నువ్వే ఎత్తి తిట్టిపొయ్యి అని రామదీనుకు అప్పగించాను. తీయని గొంతును నమ్మి ఒకసారి సముద్రం దాటినదాన్ని, మళ్ళీ నమ్మకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ తరవాత పెద్ద గాలివాన వచ్చింది. చెరకు నేలకు అంటుకుపోయింది. బంగళా వరండా కప్పు లేచిపోయింది. టెలిఫోను స్తంభాలు వరసగా ఒరిగి, తీగ తెగి చెరకు మోసే ట్రాలీ పట్టాల మీద పడింది. లౌటోకా నుంచి మనుషులు వచ్చి బాగుచేసేదాకా ఫోను లేదని దొర విసుక్కుంటూ తిరిగాడు.

గాలివాన పోయిన కొద్దిరోజులకు, పట్టపగలు, నేను పెరట్లో బియ్యం చెరుగుతున్నాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. లోపల ఫోను మోగింది. రెండు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. నా చెవులతో నేను విన్నాను. బాగుచేసేశారు కాబోలు, అప్పుడే తయారయ్యాడు దొంగ సచ్చినోడు అనుకున్నాను. చేట దించకుండానే, “రామదీనూ, వాడే, నాలుగు తగిలించు” అని కేకేశాను.

రామదీను లోపలికి పోయాడు. తిట్లు వినిపించలేదు. వాడు బయటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

“కోయీ లడ్కీ రహీ,” అన్నాడు. ఎవరో ఆడపిల్లట. “ఓకర్ బాప్ ఆవత్ హై.” వాళ్ళ నాన్న వస్తున్నాడట.

రామదీను ఉత్తరాదిన బస్తీ అనే జిల్లావాడు. మా భాషలో వాడికి తెలిసినవి అన్నం, నీళ్ళు, వస్తా. లైన్లలో అరవవాళ్ళ పక్కన ఉండి అప్పా అంటే తండ్రి అని నేర్చుకున్నాడు. అందుకని ఆ అర్థం చెప్పాడు.

“అర్థం నాకొద్దు. అదేటందో అలాగే అను,” అన్నాను.

వాడు కళ్ళు మూసుకుని, చిన్నపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. “అప్పా, నానొస్తానప్పా.” ఆ చివర సాగదీశాడు కూడా.

చేట ఎప్పుడు జారిపోయిందో తెలియదు. లోపలికి పరుగెత్తి గొట్టం చెవికి పెట్టాను. నూకాలూ, నూకాలూ అని అరిచాను. అందులో ఏమీ లేదు. మామూలుగా తీగలో గాలి మోగినట్టు ఒక రొద ఉండేది, అది కూడా లేదు. ఉత్త చెక్కముక్క.

దొర భోజనానికి వచ్చాక చెప్పాను. ఆయన పిడి తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. తీగ ఇంకా పట్టాల మీదే పడి ఉందనీ, పొద్దున తన గుర్రం దాన్నే దాటి వచ్చిందనీ చెప్పాడు. రామదీను గంజాయి తాగాడా అని అడిగాడు. రామదీను గంగమ్మ మీద ఒట్టేశాడు. నేను కూడా పోయి చూశాను. తీగ చుట్టలు చుట్టుకుని బురదలో ఉంది. మేకపిల్ల ఒకటి దాన్ని వాసన చూస్తోంది.

అప్పటికి నాకు దయ్యం ఆలోచనే రాలేదు. వస్తానంది కాబట్టి వస్తోంది అనుకున్నాను. మా ఇంట్లో వెళ్ళేటప్పుడు కూడా ఆ మాటే అంటామని తెలిసీ, ఆ సంతోషంలో మరిచిపోయాను. ఆదివారం సెలవు అడిగితే, నా మొహం చూసి కాబోలు, దొర కాదనలేదు. కడియాలు కొంగున కట్టుకుని లౌటోకా రేవుకు నడిచాను. ఆ దొంగకు ఇవ్వడానికి కాదు, నూకాలు కాళ్ళకు పెట్టడానికి.

గాలివాన తరవాత సావుసావు నుంచి సువా మీదుగా వచ్చే మొదటి పడవ ఆరోజే రేవుకు చేరింది. మనుషులు దిగుతున్నారు. ఒక్కొక్క ఆడమనిషి మొహంలోకి తొంగి చూస్తూ నిలబడ్డాను. నూకాలు లేదు. జనం పలచబడ్డారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ ఫోనును కనిపెట్టినవాడి మీద, రామదీను మీద, నా మీద.

అప్పుడు రేవు చివర కొందరు కూలీలు నవ్వడం వినిపించింది. ఒక ఆడది చంకలో పిల్లతో, కనిపించిన ప్రతి తెలుగు మనిషినీ ఆపి, “అప్ప ఎవులు? ఇక్కడ అప్ప ఎవులు?” అని అడుగుతోంది. ఈ పిచ్చిది ఎవరి తండ్రిని వెతుకుతోంది అని అరవవాళ్ళు నవ్వుతున్నారు.

నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. “నానే అప్పని,” అన్నాను.

ఆమె పేరు గౌరమ్మ. సావుసావులో నూకాలు పక్కగదిలో ఉండేది. గిరిమిట్ తీరి, మగడితో కలిసి బా అనే ఊరి వైపు పోతోంది. నన్ను పట్టుకుని ఏడుస్తూ చెప్పింది. నూకాలు విషజ్వరంతో పోయింది. గాలివానకు ముందే పోయింది. చివర మాట కూడా పడిపోయింది. చంకలో ఉన్నది నూకాలు కూతురే; ఆ పిల్ల తండ్రి అంతకు ముందే చనిపోయాడు.

“ఎంతసేపూ మా అప్ప, మా అప్ప అనీది గానీ పేరెత్తీది కాదమ్మా. పెద్దదాని పేరెలా ఎత్తుతాను అనీది. ఆ దొరలు పేరు చెప్పమంటే నానేటి సెప్పగలను? లౌటోకా ఏపు అని తప్ప నాకేటీ తెలీదు. రేవులో ఎవులూ దొరక్కపోతే పిల్లని అనాథల బడిలో ఇచ్చీమన్నారు. ఇదిగో, బండి కూడా వచ్చీసింది.”

నిజమే, ఎడ్లబండి నిలబడి ఉంది. మరి కాసేపు ఆగితే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

పిల్లను చేతుల్లోకి తీసుకున్నాను. అప్పుడప్పుడే నడక వచ్చిన పిల్ల. నన్ను చూసి ఏడవలేదు. దాని కాళ్ళకు ఆ కడియాలు చాలా పెద్దవి. అయినా పెట్టి, అక్కడే నేలమీద కూర్చుని, మా చెల్లెలి కోసం నోరారా ఏడ్చాను.

అందరూ తలో మాటా చెప్పారు. రామదీను కునికిపాట్లలో కలగన్నాడన్నారు. మరి నేను విన్న గంట సంగతి? పిడుగు కాలంలో గంటలు వాటంతటవే మోగుతాయని దొర అన్నాడు. ఆరోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ దొంగే మళ్ళీ పన్నాగం పన్నాడన్నారు. వాడికి నేను అప్ప అన్న మాట చెప్పనే లేదు, పైగా తెగిన తీగలో వాడు మాత్రం ఎలా మాట్లాడతాడు? తీగ బాగయ్యాక వాడు మళ్ళీ ఫోను చెయ్యలేదు. వాడెవడో ఎప్పటికీ తెలియలేదు.

రామదీనును మాత్రం చాలాసార్లు అడిగాను. గొంతు ఎలా ఉందిరా, ఏడుస్తోందా, నీరసంగా ఉందా అని. తొందరలో ఉన్న మనిషి గుమ్మంలోంచి చెప్పినట్టు ఉందన్నాడు. అంతకంటే వాడికి చెప్పడం రాలేదు. గంట నేను విన్నాను, గొంతు వాడు విన్నాడు. ఎందరు దొంగలు పిలిచినా సరే, ఆ ఒక్కసారీ నేను ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

ఆ పిల్లే ఇప్పుడు ఇది రాస్తోంది. ఇక్కడిదాకా వచ్చాక కళ్ళు తుడుచుకుని, ఇంకా ఉందా అప్పా అని అడుగుతోంది. నన్ను అది కూడా అప్ప అనే పిలుస్తుంది. గడప దాటేటప్పుడు వస్తాననే చెబుతుంది. అది నేను నేర్పిందే, అందులో వింతేమీ లేదు.

వస్తానంది, పిల్ల రూపంలో వచ్చింది, ఇంకేం కావాలి అంటారు మా వాడలోవాళ్ళు. కావచ్చు. లేకపోతే వెళ్ళొస్తానని చెప్పిపోయిందేమో. మా భాషలో రెండింటికీ ఒకటే మాట, నేనేం చెయ్యను? దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ మా సందు మొదటి దుకాణంలో ఈమధ్య ఫోను పెట్టారు. దాని గంట మా వాకిట్లోకి వినిపిస్తుంది. అది మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి లేచి నిలబడతాను.