ఖాళీ గడికి ఒప్పుకోని మా వదిన

మా వదినది మహా మొండిఘటం. పొగుడుతున్నాననుకునేరు, కాదు. రోజూ స్కూటర్ వెనక కూర్చుని ఆఫీసు దాకా ఆవిడ వాదన వింటే తెలుస్తుంది నా అవస్థ. బండి తోలుతూ వెనక్కి తిరిగి మరీ వాదిస్తుంది. "ముందు రోడ్డు చూడు తల్లీ" అని నేను అరవని రోజు లేదు.

ఇద్దరిదీ ఒకే కంపెనీ. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు చేతికి అంటించుకునే పట్టీలు తయారుచేస్తాం. మాటిమాటికీ వేలు గుచ్చుకోకుండా, రక్తంలో చక్కెర ఎంతుందో ఆ పట్టీయే ఫోనుకి చెప్పేస్తుంది. ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించినప్పుడు వచ్చే లెక్కలు తేల్చడం వదిన పని. ఆ లెక్కల్ని నమ్మకపోవడం నా పని. నాణ్యత విభాగం అంటే అంతే మరి. నేను సంతకం పెట్టందే ఏ నివేదికా బయటికి కదలదు. అందుకే వదిన నన్ను "సంతకాల మహారాణీ" అని పిలుస్తుంది, ఇంట్లో కూడా.

మొదట్నుంచీ మా లెక్కలన్నీ ఒకటే సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లం. ఏటేటా లైసెన్సు కట్టాలి, లోపల ఏముందో మనకి కనపడదు. వదిన కన్ను మాత్రం ఇంకోదాని మీద పడింది. ఓపెన్ సోర్స్‌ది. దాని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. అది మొదలు ఇంట్లో, ఆఫీసులో ఒకటే పోరు.

"ఊరికే వచ్చేదాన్ని ఎవరు నమ్ముతారు వదినా? రేపు తప్పొస్తే ఎవర్ని పట్టుకుంటాం?" అన్నాను.

"తప్పొస్తే తెరిచి చూసుకుంటాం. నీ లైసెన్సు దాన్ని తెరవగలవా?"

"నాదేమిటి, నేనేమైనా కన్నానా దాన్ని?"

మా అన్నయ్య మాత్రం ఈ గొడవలో తలదూర్చడు. కూరలు తరుగుతూ చిరునవ్వు నవ్వుకుంటాడు. ఒకసారి ఏదో అనబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు పాపం.

వదిన పైఅధికారికి మేం పెట్టుకున్న పేరు 'తర్వాత చూద్దాం గారు'. ఏం అడిగినా ఆ మాటే అంటాడు. ఆయన చుట్టూ తిరిగి తిరిగి వదిన చెప్పులు అరిగాయి. ఆఖరికి ఆయన ఒక షరతు పెట్టాడు. ఎప్పుడో ముగిసిన ఒక పరీక్ష లెక్కల్ని కొత్తదాంట్లో మళ్లీ మొదట్నుంచీ చేయాలి. ప్రతి అంకె పాతదాంతో సరిపోవాలి. సరిపోతే కొత్తది వాడుకోవచ్చు. ఒక్కటి తేడా వచ్చినా ఆ ఊసు ఇక ఎత్తకూడదు. సోమవారం పెద్దమేడమ్ ముందు నివేదిక పెట్టాలి. పెద్దమేడమ్ అంటే మా డైరెక్టరు.

వదిన తను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పరీక్షని ఎంచుకుంది. మా పట్టీ చర్మానికి పడుతుందా లేదా అన్న పరీక్ష అది. దాని ప్రోగ్రామ్ వదినే రాసింది, దాని మీదే పట్టీ అమ్మకానికి వెళ్లింది. "నా చేత్తో రాసిందే. కళ్లు మూసుకుని చెప్తా, సరిపోతుంది" అంది ధీమాగా.

శుక్రవారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది వదినా?"

"రా, చూపిస్తా."

వాపు కొలత మూడుకన్నా తక్కువుంటే ఆ మనిషి క్షేమం అని ఆ పరీక్షలో నియమం. ఎంతమంది క్షేమం అని అడిగితే పాత సాఫ్ట్‌వేర్ టక్కున అంకె చెప్పింది. కొత్తది అంకె ఇవ్వలేదు. తెలీదు అంది. మళ్లీ అడిగినా అదే, తెలీదు. చూస్తే పట్టికలో పదకొండు మంది వాపు గడులు ఖాళీ. వాళ్లు మధ్యలో రావడం మానేశారు, ఎవరూ కొలవలేదు. పాత సాఫ్ట్‌వేర్ ఖాళీ గడిని అన్ని అంకెలకన్నా చిన్నదిగా లెక్కేస్తుంది. అదేం దాచిన సంగతి కాదు, దాని పుస్తకంలోనే రాసుంటుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లే ఖాళీల్ని విడిగా పక్కన పెట్టుకోవాలి. కొత్తలో వదిన ఆ ఒక్క పని మరిచిపోయింది. ఖాళీ మూడుకన్నా చిన్నది కదా, పదకొండు మందీ క్షేమం లెక్కలో పడిపోయారు. ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు.

ఆ పట్టీ ఎన్ని వేల చేతుల మీద ఉందో నాకు తెలుసు. అందులో ఒక చెయ్యి మా అమ్మది.

'తర్వాత చూద్దాం గారు' మాత్రం తేలిగ్గా తీసేశాడు. "ఒక్క లైను కలుపమ్మా. ఖాళీ అయితే సున్నా అనుకో అని చెప్పు. రెండూ సరిపోతాయి. నీకు కావలసింది నీకొస్తుంది, పాత సంగతి తర్వాత చూద్దాం."

ఒక్కటంటే ఒక్క లైను. అది కలిపితే వదిన కోరిక తీరుతుంది, పేరు నిలుస్తుంది. కలపకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ పోతుంది, పైగా తప్పు తనదేనని నలుగురిలో ఒప్పుకోవాలి.

"కలపనండీ" అంది వదిన.

ఇంటికెళ్లేటప్పుడు బండి మీద ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. ఆవిడ రోడ్డు చూసి నడుపుతుంటే నాకు భయమేసింది.

ఆదివారం పొద్దున్న వంటింట్లో అన్నయ్యకి ఇదంతా చెబుతోంది వదిన. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. మెల్లగా జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. పట్టీ చుట్టూ చర్మం ఎర్రగా కమిలి, పొక్కులు లేచి ఉంది.

"అయితే అమ్మాయ్, పన్నెండోదానిగా నన్ను రాసుకో" అంది.

వదిన చేతిలో గరిటె పడిపోయింది. "అత్తయ్యా! ఎప్పట్నుంచి?"

"ఈ పట్టీలు మొదలుపెట్టినప్పట్నుంచీ. రాత్రుళ్లు దురదకి నిద్ర పట్టదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నోరు లేదా అమ్మా నీకు? ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

"కోడలు పరీక్షించిన పట్టీ. మంచిదని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు దురదంటే దాని మనసు కష్టపడదూ? అయినా ఎవరడిగారు నన్ను? షుగరెంత అత్తయ్యా అంటుంది రోజూ. దురదుందా అని ఎప్పుడైనా అడిగిందా?"

వదిన గోరువెచ్చని నీళ్లతో ఆ పట్టీ నానబెట్టి తీస్తోంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "ఒక్క మనిషితో లెక్క తేలదు అత్తయ్యా" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

"అంటే నేను లెక్కలోకి రానా?"

వదిన ఏడుస్తూనే నవ్వేసింది. "వస్తారు. నేనే అడగలేదు."

సోమవారం మీటింగు గదిలో నీళ్లు కారే ఏసీ కింద బకెట్ పెట్టి ఉంది. వదిన తేడా వచ్చిన నివేదికనే పెద్దమేడమ్ ముందు పెట్టింది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో మొదటి పేజీలోనే రాసింది. కొత్త సాఫ్ట్‌వేర్ లోపలి రాత తెరిచి, ఖాళీ గడి దగ్గర అదేం చేస్తుందో వరస వరసా చూపించింది.

"షరతు ప్రకారం ఇది తప్పినట్టే కదండీ" అన్నాడు 'తర్వాత చూద్దాం గారు'.

"ఆ పదకొండు మందికి వాపు వచ్చిందని ఎలా చెబుతారు?" అడిగింది పెద్దమేడమ్.

"చెప్పలేను మేడమ్. నాకు తెలీదు. కొత్తదీ తెలీదనే అంటోంది. తెలుసని చెప్పింది నా పాత ప్రోగ్రామ్ ఒక్కటే."

పెద్దమేడమ్ నావైపు తిరిగింది. "నాణ్యత విభాగం ఏమంటుంది? దీని మీద సంతకం పెడతారా?"

ఊరికే వచ్చేదాన్ని ఎవరు నమ్ముతారని నేను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చాయి. పెన్ను తీశాను. "దీని మీదే పెడతాను మేడమ్. ఆ లైను కలిపిన నివేదిక వస్తే చచ్చినా పెట్టను" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

ఆ పదకొండు మందీ ఏమయ్యారో కనుక్కోమని పెద్దమేడమ్ ఆ గదిలోంచే ఆసుపత్రికి ఫోన్ చేయించింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. దొరికినవాళ్లలో చాలామంది దురద భరించలేక పట్టీ పీకేసి, ఇక రావడం మానేశారట. అమ్మకం ఆపారు, ఆ సంగతి ప్రభుత్వ ఔషధ నియంత్రణ శాఖకి మేమే తెలియజేశాం. జిగురు మార్చి మళ్లీ పరీక్ష పెట్టారు. ఆ లెక్కలన్నీ వదిన కొత్తదాంట్లోనే చేసింది. ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు అమ్మ చేతికి కొత్త పట్టీ ఉంది. బండి తీసే ముందు వదిన రోజూ హెల్మెట్ పెట్టుకుని మరీ అమ్మ ముందు నిలబడుతుంది.

"అత్తయ్యా, దురదుందా?"

"లేదు."

"నిజం చెప్పండి."

"లేదమ్మా తల్లీ, లేదు, లేదు! నిన్న కూడా లేదు!"

"నిన్నటిది నిన్న రాసుకున్నాను. ఇవాళ్టిది చెప్పండి" అంటుంది వదిన.