తోక తెగిన ఎలక

యుద్ధం జరుగుతున్న రోజుల్లో విజయనగరంలో ఎలకలు విపరీతంగా పెరిగిపోయాయి. బియ్యం దొరకడమే గగనంగా ఉండేది. దొరికిన బస్తాకి తెల్లవారేసరికి చిల్లి పడేది. ఎలకల్ని పట్టి చంపమని మునిసిపాలిటీ వాళ్ళు టముకు వేయించారు. మా బియ్యం కొట్లో కర్రబోను ముందునించీ ఉంది. పట్టడం మాకు కొత్త కాదు. చంపడానికే ఒప్పుకునేవాళ్ళం కాదు.

"ఒరే, వినాయకుడి వాహనంరా అది. సవితినాడు ఉండ్రాళ్ళెట్టిన సేత్తోనే నీళ్ళల్లో ముంచుతావేటి? ఎక్కడైనా ఒగ్గీసిరా" అనేది మా అమ్మ.

మా వీధి కొట్లవాళ్ళందరిదీ అదే పద్ధతి. తెల్లవారకముందే బోను మీద గోనెపట్టా కప్పుకుని ఎవరో ఒకరు ఎదురుపడేవారు. "ఎటు బావా?" అంటే "అలా గాలికి" అని జవాబు. పట్టా కింద గీకుడు ఇద్దరికీ వినబడేది.

నేను నేతవాళ్ళ వీధి వెనక తుప్పల్లో వదిలేవాణ్ణి. అవి తుప్పల్లోనే ఉండిపోతాయని నమ్మానని ఇప్పుడు రాసుకోవచ్చు. నమ్మలేదు. తుప్పల్లో ఎలక్కి తిండెక్కడిది? మా కొట్టుకి తిరిగి రాకపోతే చాలనుకున్నాను. చంపలేదన్న తృప్తితో ఇంటికొచ్చి, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కొట్లో కూర్చునేవాణ్ణి.

ఒకసారి బోను తలుపు పడి ఓ పెద్ద ఎలక తోక సగానికి తెగింది. దాన్నీ అక్కడే వదిలాను. అది ఇళ్ళ వైపే పరిగెత్తింది. చూస్తూనే ఉన్నాను.

కొన్నాళ్ళకి ఆ వీధి నేతగాడొకాయన వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. పోగులకి పెట్టే గంజి కోసం నూకలు మా దగ్గరే కొనేవాడు.

"ఏటి మావా, అలాగున్నావు?"

"ఏటి సెప్పమంటారు సావుకారూ! గంజెట్టి, ఆరేసి, మగ్గానికెక్కించిన పడుగు పోగుల్ని ఎలక కొరికీసినాది. గంజి వాసనకి వచ్చీసినాది. కంట్రోలు నూలు కోసం ఎంత తిరిగేనో మీకు తెల్దా? మల్లీ నూలిచ్చీదాకా మగ్గం కాళీయే. మేమేటి తింటాం?"

"ఎలకని చూశావా?"

"సూడకేటి! తోక తెగిన ముండ. నా కాళ్ళ మీంచే ఎల్లిపోనాది."

నా చెయ్యి నూకల బస్తాలోనే ఆగిపోయింది. అప్పుడే చెప్పాల్సింది. "మా బోను పట్టుకెళ్ళు మావా" అన్నాను.

"మంచి మనసు సావుకారూ మీది" అన్నాడాయన. ఆ మాటని కూడా కాదనలేదు.

తర్వాత ఓ పొద్దున్న బోనుతో తిరిగొచ్చాడు. లోపల అదే ఎలక.

"దొరికీసినాది. సంపడానికి సెయ్యి రాలేదు. మా ఇంటిదీ ఒద్దన్నాది. ఎక్కడ ఒగ్గీమంటారు?"

"గెడ్డవతల ఒగ్గీమనురా, ఎవులికీ ఇబ్బందుండదు" అంది లోపల్నించి అమ్మ.

ఆ వాగు అవతల బట్టలుతికేవాళ్ళ గుడిసెలున్నాయి. ఊరి బట్టలన్నీ అక్కడే ఆరేవి. అమ్మకా సంగతి తెలుసు. నాలాగే ఆవిడా తలుచుకోలేదు.

"ఇది నేను వదిలిన ఎలకే మావా" అన్నాను. "దీని తోక మా బోనులోనే తెగింది. మీ ఇళ్ళ వెనక ఇదొక్కటే కాదు, చాలా వదిలాను."

ఆయన బోను కింద పెట్టాడు. వంగి తెగిన తోకకేసి చూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"అయితే రేపొద్దున్న రండి" అన్నాడు చివరికి. "తెగిన పోగులు అతికితే సగవైనా దక్కుతాది. మా ఇంటిదానికి కళ్ళు ఆనవు. మీకున్నాయి కదా."

ఆయన వెళ్ళాక పెరటి తొట్టిలో బోను ముంచాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ పూట నా చేతి మంచినీళ్ళు పుచ్చుకోలేదు.

మర్నాటినించి రోజూ పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వేళ్ళకి బూడిద రాసుకుని పోగుకి పోగు మెలిపెట్టడం నేర్చుకున్నాను. నేనతికినవి చాలామట్టుకు ఊడిపోయేవి. ఆయన భార్య వేళ్ళతో తడిమి చూసి, "ఇదేటి నాయనా, బియ్యం మూటనుకున్నావేటి?" అని ఎగతాళి చేసేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ఊడిన పోగుని మళ్ళీ నా చేతికే ఇచ్చేవాడు.

ఆ రోజుల్లోనే బోనులో ఇంకో ఎలక పడింది.

"ఎక్కడ ఒగ్గుతావురా?" అంది అమ్మ.

"ఎక్కడా వదలనమ్మా."

ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. నేను తొట్టి దగ్గర పని ముగించి, బోను కడిగి, చేతులు శుభ్రంగా తోముకుని నేతవాళ్ళ వీధికి నడిచాను. అతకాల్సిన పోగులు ఇంకా చాలా ఉన్నాయి.