మా అవ్వ చేతికి కరెంటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను భయపడేది ఒక్కదానికే, మా అవ్వ కుడిచేతికి. కొడుకు ఉద్యోగం కోసం రాయలసీమ వదిలి మణికొండ అపార్ట్‌మెంట్‌కు వచ్చినా ఆ చేతి మొట్టికాయకు పదును తగ్గలేదు. నేను అల్లరిపిల్లని కాబట్టి రోజూ రుచి చూసేదాన్ని.

అలాంటిది, ఒక మధ్యాహ్నం అవ్వ సీరియల్ చూస్తూ, సోఫా అంచు మీదుగా చెయ్యి వేలాడేసి నిద్రపోయింది. లేచేసరికి మణికట్టు వాలిపోయి ఉంది. ఎంత ప్రయత్నించినా లేవలేదు. నిజం చెప్పొద్దూ, నేను లోలోపల పండగ చేసుకున్నాను. ఆ పండగ భోజనాల వేళ దాకానే. ఎడమచేత్తో తినడమంటే అవ్వకు చచ్చేంత సిగ్గు. చెంచా ముట్టదు, తినిపించనివ్వదు. రెండు ముద్దలు కెలికి కంచం తోసేసేది. నెల తిరిగేసరికి జాకెట్లు వదులైపోయాయి. నాకు ఏడుపొచ్చేది.

ఇంటికొచ్చి వైద్యం చేసే ఫిజియోథెరపీ అక్క ఒక చిన్న మిషను తెచ్చింది. భుజం కింద నరం నలిగి, మెదడు చెప్పే మాట అక్కడే ఆగిపోతోందట. దిగువన నరమూ కండా బాగానే ఉన్నాయట, వాటిని కరెంటుతో తట్టి లేపాలట. కరెంటు అనగానే అవ్వ, షాక్ కొడుతుందని చెక్కపీట తెప్పించుకుని కాళ్లు దానిమీద పెట్టుకుంది. అక్క ముందు నా చేతికే పట్టీలు అతికించి మీట తిప్పింది. చీమలు పాకినట్టు జుమ్మంది. నా మణికట్టు నన్నడక్కుండానే లేచి నిలబడింది. దించుదామంటే దిగదే! అవ్వ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, తన చెయ్యి చాపింది.

అక్కడినుంచి కొత్త తంటా. మిషను చెయ్యి లేపుతుంటే అవ్వ హాయిగా సీరియల్ చూసేది.

"మిషన్ లేపేటప్పుడు నువ్వు గూడ లేపాలె అవ్వా. ఉత్తగ కూసుంటే ఎట్ల?" అని అక్క మొత్తుకునేది.

"ఇంత కరెంటు పెట్టినాక మళ్లా నేనెందుకు మేయ్!" అనేది అవ్వ.

కొన్ని వారాలకు, అవ్వ నిద్రలో మణికట్టు కదిలించడం చూశానని అక్కకు చెప్పాను. అక్క నన్ను బాల్కనీలోకి పిలిచి చెవిలో ఒక మాట చెప్పింది. మరునాడు పట్టీలు అలాగే ఉంచి, మిషను మాత్రం చప్పుడు చేయకుండా ఆపేసింది. అమ్మ సంగటి కంచం తెచ్చి అవ్వ ముందు పెట్టింది. నేను గుండె చిక్కబట్టుకుని ఆ కంచాన్ని కాలితో జరిపాను.

"బువ్వను కాలితో నూకుతావా మేయ్!"

మణికట్టు లేచింది. నా నడినెత్తిన టంగుమంది.

అందరూ నోళ్లు తెరిచారు. "కరెంటు ఎక్కువ పెట్టినావా ఏందే?" అంది అవ్వ బిత్తరపోయి.

"మిషన్ ఎప్పుడో బందైంది. లేపింది నువ్వే అవ్వా," అంది అక్క.

అవ్వ తన చేతినే చూసుకుంటూ ఏడ్చింది. తర్వాత కంచాన్ని నాచేత కళ్లకద్దించి, వణికే కుడిచేత్తోనే ముద్ద ఎత్తుకుని తిన్నది. నేను నెత్తి రుద్దుకుంటూ పక్కనే కూర్చున్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ దెబ్బ తినలేదు.

ఇప్పుడు నా జుట్టే నెరుస్తోంది. పడినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి లేపుతూనే ఉన్నారు, వాళ్ల చలవ. లేపుతున్నారు కదా అని ఒళ్లు వదిలేశానో, ఇప్పటికీ నడినెత్తి చురుక్కుమంటుంది.